రెండు తెల్లజెండాలు

ఆట నేర్చుకుంటానని కొత్తగా ఎవరొచ్చినా, మొదటిరోజు నాగమల్లేశ్వరి వాళ్ళని బంతి ముట్టుకోనివ్వదు. పచ్చిక మీద వెల్లకిలా పడుకోమంటుంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, సరే, కోచ్ చెప్పింది కదా అని పడుకుంటారు. ఆమె కాస్త దూరంగా నిలబడి ఎర్రటి తోలుబంతిని ఆకాశంలోకి నిట్టనిలువుగా తంతుంది. పీచు తీయని కొబ్బరికాయలా రెండువైపులా మొన తేలి ఉంటుంది ఆ బంతి. పైకి వెళ్ళి వెళ్ళి, ఒకచోట ఇంక వెళ్ళబుద్ధి కానట్టు ఆగుతుంది. కిందికి రావాలని కూడా అనిపించనట్టు కాసేపు అక్కడే ఉంటుంది.

"అదిగో, ఆ ఆగినప్పుడు చూడండి" అంటుంది. "పట్టుకోవడం గురించి ఆలోచించొద్దు. ఊరికే చూడండి."

డాలస్ పక్కన కాపెల్‌లో ఆ పార్కుకి సాయంత్రం నడకకొచ్చే మనవాళ్ళు ఇదేదో యోగా అనుకుంటారు. ఒకాయనైతే దగ్గరికొచ్చి, మీది ఏ ఆశ్రమమండీ అని అడిగాడు కూడా.

ఆశ్రమం కాదు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాళ్ళకి అందించొచ్చు. విసరకూడదు, అంతే. రెండు చివరలా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెంటి మధ్యనుంచి బంతి శుభ్రంగా వెళితే గోల్, ఆరు పాయింట్లు. స్తంభాల దగ్గర నిలబడ్డ గోల్ అంపైరు అప్పుడు రెండు తెల్లజెండాలు ఊపుతాడు. పక్కసందులోంచి పోయినా, దారిలో ఎదుటివాళ్ళ గోరు తగిలినా ఒక్కటే పాయింటు, ఒక్కటే జెండా. ఈ కథకి ఇంతకు మించిన శాస్త్రం అక్కర్లేదు.

కానీ నాగమల్లేశ్వరి ప్రాణం ఉన్నది వేరేచోట. దూరం నుంచి తన్నిన బంతిని కింద పడకుండా ఎవరైనా పట్టుకుంటే అక్కడికి ఆట ఆగిపోతుంది. మీదికి దూకబోతున్నవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోవాలి. పట్టినావిడ తాపీగా నాలుగడుగులు వెనక్కేసి, ఊపిరి పీల్చుకుని, తన ఇష్టమొచ్చినవైపు తన్నుకోవచ్చు. ఎదుటి జట్టులో ఒకరు మాత్రం బంతి పట్టిన చోట కదలకుండా నిలబడి చేతులెత్తి అడ్డుకోవచ్చు.

ఆ నిశ్శబ్దం ఆమెకి మొదటిసారి దొరికిన రోజు మాత్రం ఆమె ఆడటానికి రాలేదు. పులిహోర తెచ్చింది.

అప్పటికి ఆమె భర్త వెంట డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చి మూడేళ్ళు. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. భర్త గోపాల్ వారమంతా ఆఫీసు, ఆదివారమంతా క్రికెట్. ఆమె టెంట్ కింద కూర్చుని స్కోరు రాసేది, అల్యూమినియం ట్రేల్లోంచి పులిహోర వడ్డించేది. అదే మైదానాన్ని మధ్యాహ్నం నుంచి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడే ఆడవాళ్ళ క్లబ్బు బుక్ చేసుకునేది. ఈ ఆటకి గుండ్రటి మైదానం కావాలి, టెక్సస్‌లో గుండ్రటి మైదానమంటే మనవాళ్ళ క్రికెట్ గ్రౌండే దిక్కు. క్లబ్బు పేరు మాకింగ్‌బర్డ్స్. దాన్ని పెట్టింది కెల్లీ అనే ఆస్ట్రేలియా ఆవిడ.

ఆ ఆదివారం బయటి ఊరి జట్టు ఒక మనిషి తక్కువతో దిగింది. ఈ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. అన్ని గంటలు డ్రైవ్ చేసి వచ్చినవాళ్ళని తక్కువమందితో ఆడించి గెలవడం మర్యాద కాదని, రెండో జట్టు తమలో ఒకరిని చేబదులిస్తుంది. ఇచ్చేది మాత్రం ఎప్పుడూ ఎందుకూ కొరగానివాళ్ళనే. కెల్లీకి ఆవేళ ఆ మాత్రం మనిషిని వదులుకోవడానికి కూడా మనసొప్పలేదు. క్రికెట్ టెంట్ వైపు చూసి, చుడీదార్‌లో, కాన్వాస్ బూట్లతో కూర్చున్న నాగమల్లేశ్వరి దగ్గరికొచ్చింది.

"పరిగెత్తగలవా?"

"లేదు."

"నిలబడగలవా?"

"నిలబడతాను."

"చాలు."

తీసుకెళ్ళి ఆ జట్టులో అందరికంటే వెనకాల, స్తంభాల ముందు నిలబెట్టారు. వెళుతూ వెళుతూ కెల్లీ తనవాళ్ళతో "వాళ్ళకో దిష్టిబొమ్మనిచ్చాను" అని నవ్వడం ఆమె చెవిన పడింది. ఆ మాట ముల్లులా దిగింది, మళ్ళీ బయటికి రాలేదు.

తర్వాత కాసేపటికి బంతి ఆమె వైపు వచ్చింది. ఎండలో ఎర్రగా, నెమ్మదిగా, ఎంతో పైనుంచి. చీరాలలో నాయనమ్మ అటకెక్కి ఇత్తడి గిన్నెలు దించుతుంటే కింద నిలబడి అందుకునే పని చిన్నప్పుడు ఆమెదే. ఒక్క గిన్నె కింద పడినా వీధంతా వినపడేలా తిట్లు. అదే అలవాటున రెండు చేతులూ మొహం ముందుకి లేచాయి. బంతి వచ్చి చేతుల్లో కూర్చుంది. అంతే, మైదానంలో ఎవరూ కదల్లేదు.

మూడేళ్ళలో అమెరికాలో ఆమె కోసం ఏదీ ఆగలేదు. కార్లు, ఫోన్లో మాటలు, గోపాల్ మీటింగులు, అన్నీ ఆమె పక్కనుంచి వెళ్ళిపోతూనే ఉన్నాయి. ఇప్పుడు ఇంతమంది కండలు తిరిగిన ఆడవాళ్ళు ఆమె ఏం చేస్తుందా అని ఎక్కడివాళ్ళక్కడ నిలబడి చూస్తున్నారు. గడ్డి వాసన వచ్చింది. దూరాన ఎవరింటిదో గాలిగంటల చప్పుడు వినిపించింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కార్లో "వచ్చే ఆదివారం స్కోరు మీరే రాసుకోండి" అంది గోపాల్‌తో.

తర్వాతి కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే, పదేళ్ళకి పైగా ఆడింది. మధ్యలో వర్క్ పర్మిట్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం వచ్చింది, మోచేయి ఒకసారి విరిగింది. షార్ట్స్ వేసుకుని పరిగెడుతోందని తెలుగు సంఘం పిక్నిక్కుల్లో చెవులు కొరుక్కున్నారు. కొరుక్కున్నవాళ్ళలో ఇద్దరు తర్వాత తమ కూతుళ్ళని తెచ్చి ఆమె దగ్గరే చేర్చారు. ఆ ఇద్దరికీ ఆమె ప్రత్యేకంగా టీ పెట్టి ఇచ్చింది, అదో రకం కసి.

ఇన్నేళ్ళూ ఆడింది మాత్రం ఒకే చోట. మొదటిరోజు ఎక్కడ నిలబెట్టారో అక్కడే, వెనకాల, స్తంభాల ముందు. ఎదుటివాళ్ళు గోల్ కొట్టబోతుంటే చేతులెత్తి ఎగిరేది. ఆమె వేలికొసలు తగిలి ఎన్ని గోల్స్ ఒక్క పాయింటుకి దిగజారాయో లెక్కలేదు. తను మాత్రం ఒక్క గోల్ కూడా కొట్టలేదు. గోల్ కొట్టేవాళ్ళు అవతలి చివర ఉంటారు, అక్కడికి ఆమెనెవరూ పంపలేదు. నన్ను పంపండని ఆమే అడగలేదు. మహా నోరున్న మనిషే, తనకి కావలసినది అడగాల్సి వస్తే మాత్రం ఆ నోరు పెగిలేది కాదు.

బదులుగా కల వచ్చేది. కలలో ఆమె పట్టిన బంతితో నిలబడి ఉంటుంది. ఎదురుగా స్తంభాలు, వాటి మధ్య ఎవరో తెల్లటోపీ మనిషి. తన్నుతుంది. బంతి వెళ్ళి వెళ్ళి ఆకాశంలో ఆగుతుంది. కిందికి దిగేలోపు మెలకువ వచ్చేస్తుంది. ఎన్నిసార్లు వచ్చినా ఆ బంతి ఒక్కసారీ దిగలేదు.

ఆ కల సంగతి తెలిసినవాడు గోపాల్ ఒక్కడే. అతని క్రికెట్ స్నేహితులు తలా ఒక సబర్బ్‌లో ఇల్లు కొనుక్కుని, తలా ఒక నడుంనొప్పి తెచ్చుకుని చెల్లాచెదురైపోయాక, ఖాళీగా ఉండలేక క్లబ్బుకి గోల్ అంపైరు అయ్యాడు. పీవీసీ పైపులతో స్తంభాలు చేశాడు. గృహప్రవేశానికి మామగారు పెట్టిన గ్లాస్గో పంచె చింపి జెండాలు కుట్టాడు. మామగారికి ఈ విషయం ఇప్పటికీ తెలీదు.

"నీకు గోల్ పడిన రోజు ఈ రెండూ చిరిగిపోయేదాకా ఊపుతాను మల్లీ" అనేవాడు.

"వెనకాల నిలబడేదానికి గోలేంటండీ" అని ఆమె కొట్టిపారేసేది.

మూడేళ్ళ క్రితం మోకాలు పోయింది. సర్జరీ చేసిన డాక్టర్, నడవండి, ఈత కొట్టండి, ఎగరడం మాత్రం మర్చిపోండి అన్నాడు. అదే ఏడాది కెల్లీ తన దేశం వెళ్ళిపోతూ మెళ్ళో విజిల్ తీసి ఆమె మెళ్ళో వేసింది. అలా నాగమల్లేశ్వరి కోచ్ అయింది. ఇష్టపడి కాదు. గీత బయట నిలబడి చూడటం మొదట్లో ఆమెకి శిక్షలా ఉండేది. బంతి పైకి లేచినప్పుడల్లా ఖాళీ చేతులు వాటంతటవే లేచేవి, సిగ్గుపడి దించుకునేది.

అలాంటి రోజుల్లో వచ్చింది హాసిని. ఇక్కడే పుట్టి పెరిగిన కాపెల్ పిల్ల, కాలేజీ అయిపోయి ప్లేనోలో ఏదో ఉద్యోగం. పచ్చిక మీద పడుకుని ఆకాశం చూడమంటే హాయిగా నిద్రపోయింది. లేచాక మాత్రం అందరికంటే ఎత్తు ఎగిరింది. మూడేళ్ళలో క్లబ్బులో అంత ఆటగత్తె లేదనిపించుకుంది. ఒకటే జబ్బు. ఎదుటి మనిషి బంతి తన్నబోతుంటే చేతులు దించేసి, సినిమా చూస్తున్నట్టు చూస్తూ నిలబడిపోతుంది.

"చేతులు, హాసినీ! చేతులు పైకి!" ఈ కేక పార్కులో బాతులకి కూడా కంఠతా వచ్చేసింది.

"ఆకాశం చూడమని చెప్పిందే నువ్వు కదా, కోచ్ ఆంటీ" అనేది ఆ పిల్ల. అందులో నిజముంది కాబట్టి నాగమల్లేశ్వరికి ఇంకా ఒళ్ళు మండేది.

ఈ అక్టోబరులో మాకింగ్‌బర్డ్స్ మొట్టమొదటిసారి రాష్ట్రం కప్పు ఫైనల్‌కి వచ్చారు. ఎదుటి జట్టు పెలికన్స్, సముద్రం పక్కనుంచి ఐదుగంటలు డ్రైవ్ చేసి రావాలి. ఈ దేశంలో ఈ ఆటకి మనుషులు దొరకరు గనక తొమ్మిదేసిమందితోనే ఆడతారు. పెలికన్స్ వ్యాన్ దిగాక చూస్తే ఎనిమిదిమందే ఉన్నారు. తొమ్మిదో ఆవిడ దారిలో పెట్రోలు బంకులో కాలు మడతపడి కూర్చుంది. ఒక మనిషిని చేబదులిస్తారా అని అడిగారు. మాకింగ్‌బర్డ్స్ సరిగ్గా తొమ్మిదిమంది.

"ఎనిమిదితోనే ఆడనీ ఆంటీ, రూల్ ఒప్పుకుంటుంది" అంది హాసిని. "ఇట్స్ ద ఫైనల్!"

మిగతా పిల్లలూ తలలూపారు. ఈ కప్పు వాళ్ళకెంత ముఖ్యమో నాగమల్లేశ్వరికి తెలుసు. తనకీ అంతే ముఖ్యం. కానీ ఆమెకి నాయనమ్మ గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళు గ్లాసుడు పంచదార చేబదులడిగితే నాయనమ్మ గ్లాసు తలకొట్టి ఇచ్చేది కాదు. గోపురం పోసి, ఒలక్కుండా రెండో అరచెయ్యి అడ్డుపెట్టి, తనే గడపదాటి వెళ్ళి ఇచ్చేది. ఇక్కడేమో దిష్టిబొమ్మలిస్తారు.

"నేను వెళతాను" అంది. బ్యాగులోంచి మోకాలి పట్టీ తీసింది. కోచ్ బ్యాగులో మోకాలి పట్టీ, ఆట బూట్లు ఎందుకున్నాయని అడక్కండి, మూడేళ్ళుగా ఉన్నాయి. "ఇక వినండి. ఈ పూట మీకు కోచ్ లేదు. నేను వాళ్ళ మనిషిని. నా వైపు చూడొద్దు. నాకు బంతి దొరకనిచ్చారంటే తప్పు మీదే."

గోపాల్ స్తంభాల దగ్గర్నుంచి రెండు చేతులూ ఊపి వద్దన్నాడు. చూడనట్టు తల తిప్పుకుంది.

పెలికన్స్ కెప్టెన్ డొలోరెస్ నర్సు, తాటిచెట్టంత మనిషి. వెలిసిపోయిన నీలం జెర్సీ ఒకటి చేతికిచ్చి, మామూలుగా, మంచినీళ్ళు కావాలా అన్నట్టు అడిగింది. "మీరు ఎక్కడ ఆడతారు?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. నాగమల్లేశ్వరి జెర్సీ తొడుక్కుంది.

"ముందు" అంది. "గోల్ కొట్టేచోట."

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. ఎండ పల్చగా, తేనెరంగులో ఉంది. దూదిలాంటి మబ్బులు నెమ్మదిగా డాలస్ వైపు పోతున్నాయి. అవతలి చివరినుంచి చూస్తే తెలిసిన మైదానమే వేరే ఊరిలా ఉంది. మోకాలు సలుపుతోంది, కానీ ఆ నొప్పి కూడా ఎవరిదోలా దూరంగా ఉంది. తను తయారుచేసిన పిల్లలు తన పక్కనుంచే గాలిలా దూసుకుపోతుంటే, భలే అనబోయి జెర్సీ కాలరు పళ్ళ మధ్య పెట్టుకునేది. ఆట పొడుగునా నోరు మెదపలేదు. అది మామూలు నిగ్రహం కాదని ఆమెని ఎరిగినవాళ్ళెవరైనా చెబుతారు.

చివరికి వచ్చేసరికి మాకింగ్‌బర్డ్స్ నాలుగు పాయింట్ల ముందున్నారు. అప్పుడు డొలోరెస్ మైదానం మధ్యలోంచి బంతిని గుడ్డిగా ముందుకి తన్నింది. అది పైకి వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి ఆగింది. కింద అందరూ పరిగెడుతున్నారు, నాగమల్లేశ్వరి పరిగెత్తలేదు. ఎక్కడ దిగుతుందో చూసి, నాలుగడుగులు నడిచి, చేతులెత్తింది. అటకమీంచి గిన్నె అందినట్టు అందింది.

వెంటనే హారన్ మోగింది. టైమ్ చూసే ఆవిడ తన పికప్ ట్రక్కు హారన్ కొడితే ఆట అయిపోయినట్టు. కానీ అంతకుముందే పట్టిన బంతిని తన్నే హక్కు పోదు. గోల్ పడితే పెలికన్స్‌కి కప్పు, ఆమెకి జన్మలో మొదటి గోల్. పడకపోతే కప్పు తన పిల్లలది.

ఆమె వెనక్కి నడిచింది. తిరిగి చూసేసరికి అంతా కలలోలాగే ఉంది. స్తంభాలు, వాటి మధ్య తెల్లటోపీ. ఆ టోపీ కింద మనిషి గోపాల్ అని ఇన్నేళ్ళూ కలలో ఎందుకు పోల్చుకోలేకపోయిందో ఆమెకి అర్థం కాలేదు. ఎదురుగా, బంతి పట్టిన చోట హాసిని నిలబడి ఉంది.

వంకరగా తన్నాలన్న ఆలోచన ఆమెకి రాలేదు. వాళ్ళు అడిగారు, తను వెళ్ళింది, గోపురం పోసి ఇవ్వాల్సిందే. అదీగాక, ఆ గోల్ ఆమెకి కావాలి. సిగ్గులేకుండా, చిన్నపిల్ల మిఠాయి కోరుకున్నట్టు కావాలి. పరుగందుకుంది. బంతిని పాదం మీదికి వదలబోతూ ఒక్కసారి ఎదురుగా చూసింది. హాసిని చేతులు దించేసి, నోరు కొంచెం తెరిచి, సినిమా చూస్తున్నట్టు చూస్తోంది.

"చేతులు, హాసినీ!"

అరిచింది ఎవరో కాదు, తనే. ఆ కేక గొంతు దాటేదాకా ఆమెకే తెలీదు. కాలు మాత్రం ఆగలేదు, బంతిని నిండుగా తన్నింది. హాసిని చేతులు రెండూ ఒక్కసారి పైకి లేచాయి, పిల్ల నేలని వదిలి ఎగిరింది. బంతి నడిమి స్తంభాల మధ్యకి తిన్నగా వెళ్ళింది. ఎప్పుడూ దిగని బంతి ఇవాళ దిగింది, గోపాల్ తలమీదుగా వెళ్ళి వెనక గడ్డిలో పడింది.

పెలికన్స్ కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు. గోపాల్ రెండు జెండాలూ నడుం దాకా ఎత్తాడు.

"టచ్డ్!" హాసిని అరిచింది. కుడిచెయ్యి పైకెత్తి, ఒక వేలిని రెండో చేత్తో పట్టుకుని చూపిస్తోంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "తగిలింది. నా వేలికి తగిలింది. ఐ యామ్ సారీ, ఆంటీ, తగిలింది."

మైదానంలో ఆట నడిపే అంపైరు, నేనూ చూశానన్నట్టు తలూపాడు. గోపాల్ ఎడమచేతిలో జెండాని మెల్లగా దించాడు. కుడిచేతిలోది ఒక్కటే ఎత్తి ఊపాడు.

నాగమల్లేశ్వరి గడ్డిలో కూలబడింది. డొలోరెస్ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మొహంలోకి చూడటానికి నాగమల్లేశ్వరికి ధైర్యం చాలలేదు.

"నన్ను క్షమించండి. మీ జెర్సీ వేసుకుని అలా అరిచాను."

డొలోరెస్‌కి కోపం వచ్చే ఉంటుంది, వస్తే తప్పేం లేదు. అయినా నాగమల్లేశ్వరి మోకాలి పట్టీ విప్పి, వాచిన చోట ఐసు ముక్కల సంచీ పెట్టింది.

"మేమడిగింది ఆటగత్తెని" అంది. "ఇచ్చారు. కోచ్‌ని కూడా ఇస్తామని మీరు చెప్పలేదుగా."

పిల్లలు గెలిచిన కప్పు పక్కన పెట్టేసి వచ్చి, ఆ నీలం జెర్సీతోనే ఆమెని భుజాలమీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. చివరి ఆట ఆడినవాళ్ళకి చేసే మర్యాద అది. మూడేళ్ళ క్రితం మోకాలు విరిగి స్ట్రెచర్ మీద వెళ్ళినప్పుడు దక్కనిది. పైనుంచి చూస్తే గడ్డి, మనుషులు, మబ్బులు అన్నీ ఊగుతున్నాయి.

అందరూ వెళ్ళిపోయాక గోపాల్ స్తంభాలు పీకి వ్యాన్‌లో పెట్టాడు. ఆమె కూలర్ మీద కాలు చాపుకుని కూర్చుంది. అతను జెండాలు రెండూ పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రెండూ ఎత్తేశాను తెలుసా" అన్నాడు. "ఆ పిల్ల ఇంకొక్క క్షణం ఆగుంటే ఊపేసేవాణ్ణి."

"చూశాను."

"ఇప్పుడు ఊపనా? ఎవరూ లేరు."

నాగమల్లేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళు నిండిపోయాయి, అయినా మొహమంతా నవ్వే.

"అది కాదండీ" అంది. "హాసిని చేతులు చూశారా? ఎంత పైకి లేచాయో చూశారా మీరు?"

గోపాల్ చూశానన్నాడు. ఆమె నమ్మలేదు. ఎంత పైకి లేచాయో, కూర్చున్నచోటే రెండు చేతులూ ఎత్తి చూపించింది.